మనిషి పనిలో ఉన్నాడు

కోటలు కట్టినవాళ్ళ పేర్లు చరిత్రకెక్కాయి. వాటిని కూలగొట్టినవాళ్ళ పేర్లు ఇంకాస్త పెద్ద అక్షరాలతో ఎక్కాయి. గది వదిలి వెళ్ళేముందు దీపం ఆర్పి, ఆరిందో లేదోనని మెట్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చి మళ్ళీ చూసుకున్నవాడి ఊసు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. మానవజాతి ఇన్నాళ్ళు తగలబడిపోకుండా నెట్టుకొచ్చిందంటే అందులో ఆ మనిషి వాటా ఎంతోకొంత ఉండాలి. చరిత్రకారులకి తీరిక లేకపోయింది.

అటువంటివాడొకడు మూడంతస్తుల ఇంట్లో, పై అంతస్తులో, మెట్లకి ఎడమపక్క వాటాలో కాపురం ఉంటున్నాడు. ఊరి చివర కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. వయసు యాభై నాలుగు. ఎక్కడైనా నిలబడే పనిచేస్తాడు. పానెల్ బోర్డుల ముందు ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ కాళ్ళు ఇంటికొచ్చాక కూర్చోమంటే వినవు. ఉత్తరం రాసినా నిలబడే, ఉల్లిపాయలు తరిగినా నిలబడే.

ఇతని అలవాటు ఇది. ఏ వస్తువునైనా విప్పేముందు దానికి కరెంటు చేరే దారులన్నీ కట్టేస్తాడు. కట్టిన ప్రతిచోటా పసుపురంగు ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తాడు. దానిమీద బాల్‌పెన్నుతో "మ.ప." అని రాస్తాడు. పూర్తి పాఠం "మనిషి పనిలో ఉన్నాడు". టేపు అంటించినవాడే దాన్ని తియ్యాలి. మరొకరు, ఎంత దగ్గరివాళ్ళయినా, ఇల్లు చీకట్లో మునిగిపోయినా, ముట్టుకోకూడదు. ఈ శాసనం మిక్సీకి వర్తిస్తుంది, ఇస్త్రీపెట్టెకి వర్తిస్తుంది. ఒకసారి గోడగడియారానికి కూడా వర్తించింది. సెల్లు బయటికి తీసి, బల్లమీద పెట్టి, ఆ సెల్లుకి టేపు చుట్టి, దానిమీద మ.ప. అని రాసి, అప్పుడు గడియారం దుమ్ము దులిపాడు.

"మా బావ దోమల బ్యాటు పట్టుకోవాలన్నా పై ఆఫీసుకి కాగితం పెడతాడు," అంటాడు బావమరిది. అతనికి బజారులో సెల్‌ఫోన్ రిపేరు కొట్టుంది. కరెంటు ఆపకుండానే ఫోన్లు విప్పుతాడు, టీ తాగుతూ విప్పుతాడు, ఇంకొకరితో పోట్లాడుతూ కూడా విప్పుతాడు.

అయితే ఈ అలవాటు పుట్టిన రోజు మాత్రం నవ్వడానికి వీల్లేనిది. ఇరవయ్యారేళ్ళ కిందట, ఆపరేటరు కుర్రవాడుగా ఉన్నప్పుడు, ఒక సీనియర్ లైన్‌మ్యాన్ స్తంభమెక్కి ఉన్నాడు. కింద వీధంతా చీకటి. ఆ చీకటి చూసి గుండె కరిగిన ఒక సహోద్యోగి, పాపం జనం ఇబ్బంది పడుతున్నారని, లైనుకి కరెంటు వదిలే హ్యాండిల్ పైకెత్తాడు. లైన్‌మ్యాన్ బతికాడు. కుడిచెయ్యి మోచేతి నుంచి కిందికి బతకలేదు. హ్యాండిల్ ఎత్తినవాడు చెడ్డవాడు కాడు. ఆ స్టేషన్ మొత్తంలో అందరికంటే మంచివాడు. ఆపరేటరు ఆ రోజు నేర్చుకున్నది అదే. చెడు కోరేవాడిని కనిపెట్టుకుని ఉండొచ్చు. సాయం చేద్దామని వచ్చేవాడితోనే ప్రమాదం.

పెళ్ళయిన మొదటి వారంలోనే భార్యకి ఈ కథ చెప్పాడు. తన వాళ్ళెవరో, తన జీతమెంతో చెప్పడానికంటే ముందే చెప్పాడు. చివర్న, "అందుకని, ఈ ఇంట్లో టేపు కనబడితే ముట్టుకోకు," అన్నాడు. ఆవిడ సరేనంది. ఇరవై రెండేళ్ళుగా ముట్టుకోలేదు.

ఆవిడ గురించి చెప్పకపోతే కథ నడవదు. ఆవిడ పని శబ్దాలు కడగడం. ఒక రికార్డింగ్ స్టూడియోలో ఇరవయ్యేళ్ళు చేసింది. ఎవరైనా మాట్లాడి రికార్డు చేశాక, ఆ మాటల వెనక చేరిన ఫ్యాను రొద, కుర్చీ కిర్రు, దూరపు కుక్క, గొంతు సవరింపు, ఇవన్నీ ఒక్కొక్కటిగా ఏరి పారేసి మాటని మాత్రం మిగల్చాలి. స్టూడియోలో ఆవిణ్ణి అందరూ "చెవులమ్మ" అనేవారు. గోడలో నడిచే కరెంటు గుంయ్‌మని సన్నగా పాడుతుందే, ఆ పాట ఆవిడకి పక్కింట్లోంచి కూడా వినిపిస్తుంది. భర్త ఉద్యోగం ఆ గుంయ్‌లో రోజుకి ఎనిమిది గంటలు నిలబడటం, భార్య ఉద్యోగం ఆ గుంయ్‌ని తీసెయ్యడం. ఇంతకంటే చక్కని సంసారం ఊహించడం కష్టం.

రెండేళ్ళ కిందట స్టూడియో మూతపడింది. మొదట్లో ఆవిడ పాత వాళ్ళకి ఫోన్లు చేసింది. "చెబుతామమ్మా" అన్నారు. తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. ఆ తర్వాత ఆవిడ చెయ్యడం మానేసింది. ఫ్రిజ్ పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలయ్యే చప్పుడు వింటూ ఉండేది. ఒకరోజు భర్త అన్నం తింటుంటే, "మీరు నమిలేటప్పుడు ఎడమపక్క దవడ టిక్కుమంటోంది, డాక్టరుకి చూపించుకోండి," అంది. ఆ రాత్రి అతను నమలకుండా మింగాడు. ఇది ఇలాగే సాగితే ఆవిడ చెవులు ఆవిణ్ణే తినేస్తాయని అతనికి అర్థమైంది.

అలాంటి సమయంలో ఉత్తరం వచ్చింది. మాట్లాడే పుస్తకాలు తయారుచేసే సంస్థ ఒకటి, ఇంటి దగ్గర నుంచే పనిచేసేవాళ్ళని వెతుకుతోంది. రెండు నెలల తర్వాత ఒక గురువారం, ఉదయం పదకొండు గంటలకి పరీక్ష. వాళ్ళు ఒక రికార్డింగు పంపుతారు, ఆవిడ వాళ్ళ కళ్ళముందే, నెట్టు ద్వారా తన తెర వాళ్ళకి చూపిస్తూ దాన్ని కడగాలి. రెండో తేదీ ఇవ్వరు. రాకపోతే పేరు కొట్టేస్తారు. వాళ్ళు వాడే ప్రోగ్రాము మాత్రం మాక్‌ఓఎస్ అనే ఒక్క కంప్యూటరు వ్యవస్థ మీదే నడుస్తుంది. ఆ వ్యవస్థతో వచ్చే కంప్యూటరు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు.

ఆ ఇంటికి ఉన్నదల్లా ఒక నల్ల లాప్‌టాప్. వేరే ఎవరో, చాలా ఏళ్ళ కిందట, ఆఫీసుల కోసం తయారుచేసింది. సబ్‌స్టేషన్‌లో పాత సామాను తీసేసినప్పుడు ఆపరేటరు తెచ్చుకున్నాడు. ఇటుకరాయంత బరువు. తీగతో నెట్టు పెట్టుకునే రంధ్రం లోపల విరిగిపోయి ఉంది. మిగతా అవయవాలు గట్టివి. అలాంటి పాత యంత్రాలకి మాక్‌ఓఎస్ నేర్పించవచ్చని బావమరిది ఎక్కడో చదివాడు.

"నేర్పించవచ్చు బావా. కానీ అది ఒప్పుకోవాలి, ఇదీ ఒప్పుకోవాలి. మధ్యలో మనం కాళ్ళు పట్టుకోవాలి."

"ఎవరి కాళ్ళు?"

"ఇద్దరివీ."

ఆపరేటరు నెల రోజులు కాళ్ళు పట్టుకున్నాడు. డ్యూటీ అయ్యాక వచ్చి, ఎత్తుబల్ల మీద లాప్‌టాప్ పెట్టి, దాని ముందు నిలబడి, ఫోన్లో చదువుకుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. చివరికి ఒక ఆదివారం ఆ నల్లపెట్టె మాక్‌ఓఎస్‌తో కళ్ళు తెరిచింది. తెర వెలిగింది, స్పీకరు పలికింది, కీబోర్డు మాట విన్నది. శబ్దాలు కడిగే ప్రోగ్రాము కూడా పెన్‌డ్రైవులోంచి ఎక్కింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఒక దగ్గుని మాటల్లోంచి పీకి అవతల పారేసింది. ఆ సాయంత్రం దవడ గురించి ఏమీ అనలేదు.

నెట్టు మాత్రం రాలేదు.

దీనికి కారణం బావమరిది వివరించాడు. లోపల అగ్గిపెట్టెలో సగమంత కార్డు ఒకటుంటుంది, గాల్లోంచి నెట్టు పట్టుకునేది అదే. యంత్రంతో పాటు వచ్చిన కార్డు భాష మాక్‌ఓఎస్‌కి రాదు. "ఇంటికి చుట్టమొచ్చాడు బావా, గుమ్మంలో నిలబడ్డాడు. మనవాళ్ళకి అతని మాట అర్థం కావట్లేదు. దానికి మందు లేదు. చుట్టాన్నే మార్చాలి."

రెండో కార్డు తెప్పించారు. ఇది మాక్‌ఓఎస్‌కి వచ్చిన భాషే మాట్లాడుతుంది. కానీ ఈసారి లాప్‌టాప్ మొండికేసింది. తయారుచేసినవాళ్ళు దాని కడుపులో ఒక జాబితా రాసిపెట్టారు. అందులో లేని కార్డు కనబడితే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో అనుమతి లేని కార్డు ఉందని ఫిర్యాదు చేసి, అక్కడే ఆగిపోతుంది. తీసేస్తేగాని ముందుకి కదలదు. ఆపరేటరుకి దానిమీద కోపం రాలేదు. జాబితాలో లేనివాణ్ణి లోపలికి రానివ్వనిది ఏదైనా అతనికి గౌరవనీయమే.

"దానికి పద్ధతుంది," అన్నాడు.

"ఆ పద్ధతేదో మా అక్క దగ్గర చెప్పు," అన్నాడు బావమరిది.

వెతగ్గా వెతగ్గా, ఇద్దరి జాబితాల్లోనూ ఉన్న కార్డు ఒకటి దొరికింది. అది పరీక్షకి ముందు ఆదివారం చేతికొచ్చింది. ఆపరేటరు యథావిధిగా పని మొదలుపెట్టాడు. చార్జరు పీకాడు, దాని ముల్లుకి టేపు. బ్యాటరీ ఊడదీశాడు, దానికి టేపు. ఆ పాతకాలపు లాప్‌టాప్‌కి ముందువైపు అంచు కింద గోరంత స్విచ్చు ఒకటుంది. వైర్‌లెస్ మొత్తానికీ అదే తాళం. దాన్నీ పక్కకి జరిపి, దానికీ టేపు. మూడు చోట్లా మ.ప. అప్పుడు మూత విప్పి, కార్డు మార్చి, దాని నల్ల తీగా తెల్ల తీగా నొక్కి, మూత బిగించాడు. ఆఖరి స్క్రూ గాడి అరిగిపోయి, కిందామీదా పడి ఎలాగో కూర్చుంది. బ్యాటరీ టేపు తీసి బ్యాటరీ పెట్టాడు. చార్జరు టేపు తీసి చార్జరు పెట్టాడు. అప్పుడు ఫోన్ మోగింది. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్పయింది, వెంటనే రమ్మన్నారు. చొక్కా బొత్తాలు మెట్లమీద పెట్టుకుంటూ పరిగెత్తాడు.

నాలుగు గంటల తర్వాత తిరిగొచ్చి, బల్ల ముందు నిలబడి, యంత్రం వేశాడు. నల్ల తెర ఫిర్యాదు లేదు. మాక్‌ఓఎస్ లేచింది. జాబితాలో కార్డు పేరు ఉంది. మూడో చుట్టం ఇద్దరికీ నచ్చాడు. తెర పైమూల ఉండే విసనకర్ర గుర్తు కూడా వచ్చింది. కాకపోతే డొల్లగా వచ్చింది. వైఫై ఆఫ్ అని రాసి ఉంది. ఆన్ చెయ్యి అన్న చోట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అక్కడి నుంచి నాలుగు రోజులు ఆ ఇల్లు ఇల్లులా లేదు.

బావమరిది వచ్చి చూసి తీర్పు చెప్పాడు. "కార్డు కనిపిస్తోందంటే లోపల అంతా సరిగ్గానే ఉన్నట్టు. ఇంక వెనక విప్పకు బావా, ఆ స్క్రూ మళ్ళీ రాదు. తప్పు సాఫ్ట్‌వేర్లోనే ఉంది." ఈ తీర్పు ఎంత తర్కబద్ధంగా ఉందంటే, ఎవరికీ అనుమానం రాలేదు. ఆదివారం సాయంత్రం నుంచి ఎవరూ ఆ యంత్రాన్ని పైకెత్తి చూడలేదు.

సోమవారం కార్డుని మాట్లాడించే ఫైళ్ళు మార్చారు. బావమరిది కొట్లో దింపుకుని పెన్‌డ్రైవులో తెచ్చాడు, ఇతను ఎక్కించాడు, అవి ఎక్కాయి, విసనకర్ర డొల్లగానే ఉంది. పాత ఫైళ్ళు, కొత్త ఫైళ్ళు, ఎవరో ఒక పుణ్యాత్ముడు సొంతంగా దిద్దిన ఫైళ్ళు, అన్నీ అయ్యాయి. నెట్టులో ఇలాంటి బాధితుల చర్చావేదిక ఒకటి దొరికింది. అచ్చం ఇదే లాప్‌టాప్, అచ్చం ఇదే కార్డు, అచ్చం ఇదే బాధ. ఆపరేటరు ఫోన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు. పద్నాలుగు మంది ఏడ్చారు. పదిహేనోవాడు, "సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు," అని రాశాడు. ఎలా తీరిందో రాయలేదు. ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత ఆ మనిషి మళ్ళీ అక్కడ కనబడలేదు. ఆపరేటరు జీవితంలో ఎవరినీ శపించినవాడు కాడు. ఆ రోజు కూడా శపించలేదు గాని, చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మంగళవారం వ్యవస్థ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ డొల్ల. ఫోన్ని తీగతో కలిపి దాని నెట్టు లాప్‌టాప్‌కి ఇద్దామని చూశారు. ఫోన్ నిండా చార్జింగ్ అయింది. నెట్టు రాలేదు.

"పోనీ, ఇదొకటి లాభం," అన్నాడు బావమరిది.

 యూఎస్‌బీలో గుచ్చే వైఫై ముక్క ఒకటి తెచ్చారు. దాని ప్రోగ్రాము ఈ వ్యవస్థకంటే మూడు తరాల పాతదాని కోసం రాసింది. పని మొదలుపెట్టింది, కొంతదూరం నడిచింది, వీలుకాదంది.

బుధవారం ఆవిడ ఒక పని చేసింది. స్టూడియోలో పక్క కుర్చీలో ఇరవయ్యేళ్ళు కూర్చున్న సౌండ్ ఇంజినీరుకి ఫోన్ చేసింది. ఆయన దగ్గర అసలు సిసలు మాక్ ఉంది. ఒక్క పూట, ఆయన ఇంట్లోనే కూర్చుని, పరీక్ష రాసి లేచి వచ్చేస్తానని అడుగుదామనుకుంది. ఫోన్ పూర్తిగా మోగింది. మళ్ళీ చేసింది. ఈసారి రెండు సార్లు మోగి ఆగింది. ఆ ఆగడం ఎవరో వేలితో ఆపిన ఆగడమని ఆవిడ చెవులకి తెలుసు.  ఫ్రిజ్ పక్కకి వెళ్ళి కూర్చుంది.

ఆపరేటరు వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఊళ్ళకి ఊళ్ళు చీకటైపోవడం చూశాడు. ఏ లైను పోయింది, ఎక్కడ పోయింది, ఎంతసేపట్లో వస్తుందని జనం అడిగితే ఎప్పుడూ ఒక జవాబుండేది. ఇప్పుడు ఒకే ఒక్క మనిషి చీకట్లో కూర్చుని, అడగనైనా అడగడం లేదు.

"రేపు సెలవు పెట్టాను," అన్నాడు.

"ఎందుకండీ?"

"పొద్దున్నే ఇంకోసారి చూద్దాం."

"చూడండి," అందావిడ. ఆ మాటలో ఆశ లేదని గ్రహించడానికి ఆవిడ చెవులు అక్కర్లేదు.

గురువారం ఉదయం ఏడింటి నుంచి అతను బల్ల ముందే నిలబడ్డాడు. బావమరిది కొట్టు తీయకుండా వచ్చాడు. ఫైళ్ళు మార్చడం, యంత్రం ఆపి వెయ్యడం, నొక్కడం, చూడడం, మళ్ళీ ఆపడం. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. పదింటికి బావమరిది కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. అతను కళ్ళజోడు తీస్తే ఆ ఫోను ఇంక బాగుపడదని బజారంతా ఎరుగుదురు.

"బావా."

"ఊఁ."

"ఏమనుకోకు. నావల్ల కాదు."

"నువ్వు ఇంతసేపు ఉన్నావు. అదే చాలా ఎక్కువ."

"ఇంకొక్క నెల టైముంటే..."

"నెల లేదురా. యాభై నిమిషాలుంది."

 ఆపరేటరు లాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని, ఎత్తుబల్ల అంచు దాకా జరిపాడు. భార్య వైపు చూడకుండా అన్నాడు.

"వాళ్ళకి రాసెయ్యి. రాలేనని."

"సరే."

"యంత్రం చెడిందని రాయి. నీకు చేతకాలేదనుకుంటారు లేకపోతే."

"ఏమనుకుంటే ఏముంది లెండి."

ఆవిడ తన స్టూలు తెచ్చుకుని బల్ల పక్కన కూర్చుంది. ఫోన్లో రెండు వాక్యాలు రాసింది. చదువుకుంది. పంపకుండా ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. పంపడానికి తొందరేమీ లేదు, ఇంకా టైముందిగా. ఈలోపు కళ్ళెదుట లాప్‌టాప్ మీద నాలుగు రోజుల దుమ్మూ వేలిముద్రలూ కనిపించాయి. అలాంటప్పుడు ఆవిడ తుడుస్తుంది. స్టూడియోలో కూడా చివరిరోజున, తాళం వేసే ముందు, తన బల్ల తుడిచి వచ్చింది. మెత్తటి గుడ్డ తీసుకుని మూత తుడిచింది. కీబోర్డు తుడిచింది. ముందు అంచు ఎడమ నుంచి కుడికి తుడుచుకుంటూ వచ్చి, ఒకచోట గుడ్డ పైకెత్తి, రెండంగుళాలు దాటించి, అవతల మళ్ళీ ఆనించింది.

ఆపరేటరు అది చూశాడు. మామూలుగా అయితే చూడడు. అప్పుడు ఆవిడ ముఖం వైపు చూడలేక గుడ్డని చూస్తున్నాడు.

"ఏం దాటావు?"

"ఆఁ?"

"అక్కడ గుడ్డ ఎత్తావెందుకు?"

"మీ టేపుందిగా," అందావిడ. వేడినీళ్ళ గిన్నె ఉందన్నంత సహజంగా.

"ఏ టేపు?"

"మీరంటించిందే. కింద, అంచుకి. మ.ప."

 ఫ్రిజ్ సరిగ్గా అప్పుడే ఆగింది. ఆపరేటరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతను కూర్చోవడం బావమరిది చూసి ఎన్నేళ్ళయిందో. తల వంచి, బల్ల అంచు కిందనుంచి, భార్య కళ్ళు ఉండే ఎత్తునుంచి చూశాడు. గోరంత స్విచ్చు. పక్కకి జరిపి ఉంది. దానిమీద పసుపు టేపు. దానిమీద తన దస్తూరీ.

"ఎప్పుడు చూశావు ఇది?" అన్నాడు. 

"ఆదివారం నుంచీ ఉంది కదండీ. నేను కూర్చుంటే నా కళ్ళెదురుగానే ఉంటుంది."

"నాలుగు రోజులు!" అన్నాడు బావమరిది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. "అక్కా, నాలుగు రోజుల నుంచి చూస్తూ, తీయొచ్చు కదే!"

"నేనెలా తీస్తానురా?" ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. "అంటించినవాళ్ళే తియ్యాలి. ఆయన ఇంకా పనిలోనే ఉన్నారు కదా."

"చెప్పనైనా చెప్పొచ్చుగా!"

"చెప్పడానికేముంది? ఎవరైనా పనిచేస్తుంటే టేపుంటుంది. పనైపోతే తీస్తారు. ఆయన పొద్దున్నుంచీ అక్కడే నిలబడి పనిచేస్తున్నారాయె. తీయలేదంటే పనవ్వలేదని." కాస్త ఆగి, "తీయమంటే తీసేదాన్ని. ఎవరూ తీయమనలేదు," అంది.

  పనవ్వలేదు కాబట్టి టేపుంది. టేపుంది కాబట్టి పనవ్వలేదు. ఈ రెంటి చుట్టూ నాలుగు రోజులు గానుగెద్దుల్లా తిరిగిన ముగ్గురిలో ఏ ఒక్కరూ తప్పు చెయ్యలేదు. అందరూ నియమం పాటించారు.

ఆపరేటరు ఆవిణ్ణి ఏమీ అనలేదు. అనవలసిన మాట ఏదైనా ఉంటే అది ఇరవై రెండేళ్ళ కిందట తనే అన్నాడు. ఆవిడ అప్పుడు సరేనంది, అంతే. అతని ప్రాణానికి కాపుగా పెట్టిన టేపుని, తన బతుకు పోతున్నా, ముట్టుకోకుండా గుడ్డ ఎత్తి దాటిన మనిషి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. అతని కళ్ళు ఎందుకో మసకబారాయి. చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.

గోడగడియారంలో పదీ ఇరవై రెండు.

ఇక్కడ ఎవరైనా టేపు పర్రున చింపి స్విచ్చు జరిపేస్తారు. ఆపరేటరు లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి గది అంతా చూశాడు.

"నువ్వు దూరంగా ఉన్నావా?"

"ఉన్నాను బావా! కానియ్యి!"

"నువ్వు?"

"ఉన్నానండీ," అని ఆవిడ స్టూలు వెనక్కి జరుపుకుంది.

"ఎవరూ పనిలో లేరు కదా?"

"ఎవరూ లేరు," అన్నారిద్దరూ.

"వేస్తున్నాను," అని పైకి చెప్పి, టేపు ఒక చివర గోటితో లేపి, నెమ్మదిగా ఊడదీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు స్విచ్చు జరిపాడు. తెర పైమూల డొల్ల విసనకర్ర రెండుసార్లు రెపరెపలాడి, గీత తర్వాత గీత నిండింది. ఆ వీధిలో ఉన్న నెట్టులన్నీ ఒకేసారి వరసగా పేర్లు చెప్పుకున్నాయి. కిందింటివాళ్ళది, ఎదురింటివాళ్ళది, తమది.

బావమరిది కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "బావా, ఇప్పుడు వెళ్ళి ఆ చర్చావేదికలో రాయి. సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు అని. ఎలా తీరిందో మాత్రం రాయకు. నీకు పుణ్యముంటుంది."

పదిహేనోవాడు ఎందుకు రాయలేదో ఆపరేటరుకి అప్పుడర్థమైంది. ఆ మనిషిని మనసులో క్షమించాడు.

ఆవిడ ఒళ్ళోంచి ఫోన్ తీసి, రాసిపెట్టిన రెండు వాక్యాలూ చెరిపేసింది. హెడ్‌ఫోన్లు తుడుచుకుంది. పదకొండుకి నాలుగు నిమిషాలుందనగా అవతలివాళ్ళ ముఖాలు తెరమీదికి వచ్చాయి. భర్తనీ తమ్ముణ్ణీ చేత్తోనే బయటికి వెళ్ళమంది. వాళ్ళిద్దరూ మెట్లమీద, కింది వాటావాళ్ళ చెప్పుల పక్కన, నలభై నిమిషాలు కూర్చున్నారు. ఆపరేటరు కూడా కూర్చున్నాడు. ఒకే రోజు రెండోసారి.

"ఏం చేస్తుంటుందంటావ్?" అన్నాడు బావమరిది.

"గుంయ్ తీస్తుంటుంది."

నిజంగానే అదే తీసింది. వాళ్ళు పంపినది ఒక ముసలాయన గొంతు, వెనకాల కరెంటు హోరు. మిగతావాళ్ళు హోరుతో పాటు ఆయన ఊపిరి కూడా కోసేశారట. ఈవిడ హోరు తీసి ఊపిరి ఉంచింది. ఒక మాట దగ్గర ఆయన ఆగి, ఊపిరి పీల్చి, చెప్పాలా వద్దా అని ఆలోచించిన క్షణం ఉంది. దాన్ని కదపలేదు. ఎందుకని అడిగితే, "ఆయన ఇంకా ఆ మాటలోనే ఉన్నారండీ," అంది.

తొమ్మిది రోజులకి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఆపరేటరు ఆ ఉత్తరాన్ని నిలబడి మూడుసార్లు చదివాడు, తర్వాత లాప్‌టాప్‌ని బల్లమీద తిన్నగా పెట్టి, స్విచ్చు జరిగిందో లేదో కిందికి వంగి చూసుకున్నాడు.

ఉత్తరం రెండో పేజీలో పని పద్ధతి రాశారు. రికార్డింగులు చాలా పెద్దవి కనక డిస్కులో పెట్టి కొరియర్లో పంపుతారు. కడిగాక అదే డిస్కు కొరియర్లో వెనక్కి పంపాలి. పనికి నెట్టు అవసరం లేదు.